కళ్లు మూసుకోండి అన్నాను

డెబ్భైల చివర్లో, రామచంద్రపురంలో నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, బజారులో బట్టల కొట్టున్న షావుకారు గారు నా దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి. వెంట తమ్ముడు ఉన్నాడు. కత్తెర చేతిలోంచి జారిపోతోందని, కోసిన గుడ్డ వంకరపోతోందని ఆయన నవ్వుతూనే చెప్పారు.

"జాకెట్టు గుడ్డ వంకరగా కోస్తే ఆడవాళ్లు ఊరుకుంటారేంటండి? మా ఆవిడే ఊరుకోలేదు."

చొక్కా విప్పించి రెండు చేతులూ పక్కపక్కన చూశాను. కండ తగ్గలేదు. నా వేళ్లు పట్టుకుని నొక్కమంటే ఎడమచేత్తో నలిపేశారు, కుడిచేత్తో కాస్త తక్కువ. మోచెయ్యి మడిచి బిగబట్టమని నేను లాగితే అదీ అంతే. మోచేతి మడతలో చిన్న సుత్తితో తట్టినప్పుడు కుడిచెయ్యి ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఎగిరింది. దూదితోనూ గుండుసూదితోనూ తాకితే రెండువైపులా ఒకేలా తెలుస్తోందన్నారు. చివరికి రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకోమన్నాను.

తీర్థానికి చాపినట్టు చాపారు. ఎడమచెయ్యి అలాగే నిలిచింది. కుడి అరచెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతూ కిందికి దిగసాగింది. ఆయనకి ఆ సంగతి తెలియదు. రెండూ సమానంగానే ఉన్నాయనుకుంటున్నారు. మెదడులో ఎడమవైపు ఏదైనా నొక్కుతున్నప్పుడు కుడిచెయ్యి ఇలా చేస్తుంది.

"ఇంకొంచెంసేపు అలాగే ఉంచండి" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని ఉండగానే, వెనక నిలబడి అంతా చూస్తున్న తమ్ముడికి, తర్వాత మాట్లాడదామని సైగ చేశాను.

ఆయనతో నరాల బలహీనత అని చెప్పి బలానికి మాత్రలు రాశాను. ఆయన రిక్షా ఎక్కాక తమ్ముణ్ణి వెనక్కి పిలిచి అసలు మాట చెప్పాను. తలలో గడ్డ ఉండొచ్చు, వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తీసేసే వీలుంది, ఆలస్యం చేస్తే చెయ్యి పోతుంది, ఆయనకి మెల్లగా చెప్పుకోండి అన్నాను. పెద్ద జబ్బయితే రోగికి కాక వెంట వచ్చినవాళ్లకి చెప్పడమే అప్పట్లో మా అందరి అలవాటు. దాన్ని దయ అనుకునేవాణ్ణి. నిజానికి ఆ మాట వింటున్నప్పుడు ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేదు.

విశాఖ వెళ్లే ఉంటారనుకున్నాను, కనుక్కోలేదు. చాలా రోజుల తర్వాత ఆయన ఒక్కరే వచ్చారు. పెళ్లిబట్టలకి వచ్చిన పాత ఖాతాదారు ఒకామె ఆయన్ని పక్కకి పిలిచి, తలలో గడ్డట కదా, ఎలా ఉందని అడిగిందట. తమ్ముడు ఆ మాట బజారంతా చెప్పి, అన్నయ్య ఇక కూర్చోలేడంటూ గల్లాపెట్టె దగ్గర తను కూర్చున్నాడు. విశాఖ మాట మాత్రం ఇంట్లో ఎత్తలేదు.

"కళ్లు మూసుకోమన్నారు, మూసుకున్నానండి. అప్పుడు చూసింది నాకు తప్ప అందరికీ చెప్పారు" అన్నారు. గొంతు పెంచలేదు. "నా చెయ్యి పడిపోతోందట కదా. నా ఎదుట చూపించండి."

కూర్చుని రెండు చేతులూ చాపి, కుడిచేతినే చూస్తూ ఉన్నారు. అది కాస్త వణికింది గానీ దిగలేదు. కళ్లు చూస్తుంటే దిగబోయే చేతిని మనిషి తెలియకుండానే సర్దుకుంటాడు. ఒక్కసారి మూసుకోమని బతిమాలాను.

"ఇంక మూసుకోనండి."

అంతా విడమరిచి చెప్పాను. మొదటి రోజు చెప్పాల్సిందంతా, గడ్డ సంగతి, విశాఖ సంగతి, ఎక్కడా దాచకుండా చెప్పాను. మర్యాదగా చివరిదాకా విన్నారు.

"చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, చూడనప్పుడే దిగిపోతుందంటారు. మా తమ్ముడి సంగతైతే అది నిజమేనండి" అని లేచారు. నేనూ తమ్ముడూ కూడబలుక్కున్నామనే ఆయన అనుకున్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు.

ఆయన విశాఖ వెళ్లలేదు. వేరే ఊళ్లో ఎవరి దగ్గరో ఇంజెక్షన్లు చేయించుకున్నారని విన్నాను. మాట తడబడి, ఫిట్లు వచ్చాక మంచం మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ చేశారు, బతికారు. చెయ్యీ మాటా తిరిగి రాలేదు.

తమ్ముడు నన్ను మోసం చేశాడని చాలాకాలం తోటి డాక్టర్లతో చెప్పుకుంటూ తిరిగాను. అది అబద్ధం కాదు. కానీ ఆ మాటను ఆయన్ని దాటించి తమ్ముడి చేతిలో పెట్టింది నేనే.

ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఆయన పడక కుర్చీలో ఉన్నారు. వాళ్లావిడ కాఫీ తెచ్చి ఇచ్చి, గుమ్మం పక్కన నిలబడి, నన్ను నిందించినట్టు కాకుండా మామూలుగానే అన్నారు.

"ఆ రోజే మీరు ఆయనతో అనుంటే వెళ్లేవారండి. మీ మాట మీద అంత గురి ఉండేది."

ఆయన ఎడమచేత్తో, కాఫీ చల్లారిపోతోంది తాగమన్నట్టు నాకు సైగ చేశారు.