తెలిసినవాడు

తూకంగారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఆచితూచి మాట్లాడాలని లోకమంతా చెబుతుంది, చెప్పి ఊరుకుంటుంది. ఆయన మాత్రం నిజంగానే తూచేవారు. అందులోనూ స్నేహం, చెలిమి, అన్నదమ్ముల వరస లాంటి మాటలు ఆయన ముందు ఎవరైనా తేలిగ్గా వాడారో, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

ఉద్యోగం కూడా అందుకు తగ్గట్టే దొరికింది. తూనికల ఆఫీసులో పరీక్షాధికారి. కొట్లవాళ్ళు తెచ్చిన తూకపురాళ్ళు సరిచూసి ముద్ర వేయాలి. ఎదురు బల్ల దగ్గర చెడిపోయిన త్రాసులు బాగుచేసేవాడు మేస్త్రి. బడి మొహం చూడని మనిషి, అయినా త్రాసు ముల్లు వణికే తీరు చూసి దాని రోగం చెప్పేసేవాడు. రెండు బల్లల మధ్య దూరం నాలుగడుగులు. ఆ నాలుగడుగులు దాటడానికి మేస్త్రికి ఇరవై రెండేళ్ళ ఉద్యోగం చాలలేదు.

ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా తన పక్కనున్నవాణ్ణి చూపించి, "నా ప్రాణస్నేహితుడండీ" అన్నాడు.

"ప్రాణం అడ్డం వేశాడా?" అని అడిగారు తూకంగారు.

"లేదండీ."

"పోనీ, ఏం చేశాడు?"

"రోజూ బస్సులో నాకు సీటు పట్టి ఉంచుతాడండీ."

"అయితే సీటు స్నేహితుడు అనండి. ప్రాణం దాకా ఎందుకు?"

ఇంకోసారి ఒక కొట్టాయన బరువు తగ్గిన రాయి తెచ్చి, "అన్నయ్యా, కాస్త చూసీ చూడనట్టు..." అని నసిగాడు.

"మనిద్దరి మధ్య ఆస్తి తగాదా ఏమైనా ఉందా?"

"అబ్బే, లేదండీ."

"మరి అన్నదమ్ములం ఎలా అయ్యాం?" అంటూ రాయి వెనక్కి ఇచ్చేశారు. సొంత తమ్ముణ్ణి కూడా పదిమందిలో "మా ఇంట్లోనే పుట్టాడు" అని పరిచయం చేసిన మనిషి ఆయన. తమ్ముడు అనడానికి ఇంకా చూస్తున్నారట.

ఆయన లెక్కలో మెట్లున్నాయి. ముఖపరిచయం, పరిచయం, తెలిసినవాడు, స్నేహితుడు, ఆప్తుడు, ప్రాణస్నేహితుడు. అందరికంటే పైన తోడబుట్టినవాడు. మేస్త్రి నాలుగో ఏట "తెలిసినవాడు" అయ్యాడు. ఆ సాయంత్రం డజను అరటిపళ్ళు కొనుక్కెళ్ళి మరీ భార్యకు చెప్పాడు.

"ఇంకొక్క మెట్టెక్కితే స్నేహితుణ్ణే."

"కూరలమ్మే ఆవిడ మొదటిరోజే నన్ను అక్కా అంది. ఈమాత్రం దానికి మీకు నాలుగేళ్ళు పట్టిందా?" అంది ఆవిడ.

ఆ ఒక్క మెట్టూ ఎక్కడం మాత్రం కాలేదు. మేస్త్రికి జ్వరం వస్తే తూకంగారు నాలుగు వీధులు చుట్టి మందులు తెచ్చేవారు. తెచ్చి గడప బయటే నిలబడేవారు.

"లోపలికి రండి సార్."

"రాను. లోపలికొస్తే స్నేహం అవుతుంది. దారిన పోతూ ఇచ్చాను, అంతే."

మేస్త్రి కూతురి పెళ్ళికి కూడా వచ్చారు. గేటు బయట రెండు గంటలు నిలబడ్డారు. ఎవరో డ్రైవరనుకుని కారు తాళాలు చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోతే, పెళ్ళయ్యేదాకా ఆ కారుకు కాపలా కాశారు. అందరూ పడీపడీ నవ్వారు. మేస్త్రీ నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదవులు దాటలేదు.

తన పదవీ విరమణ సభ రోజున మేస్త్రి కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇవాళైనా ఆ మాట అంటారని భార్యను ముందు వరసలో కూర్చోబెట్టాడు. చివరన తూకంగారు లేచారు.

"మేస్త్రి నాకు తెలిసినవాడు. ఆయన బాగుచేసిన త్రాసు అబద్ధం చెప్పదు" అని కూర్చున్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి మాత్రం కొట్టలేదు. ఇరవై రెండేళ్ళు మొహం మొహం చూసుకుంటూ పనిచేస్తే, దారిన పోయేవాణ్ణి చేసేశాడే అనుకున్నాడు. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాడు.

తర్వాత బజార్లో లైసెన్సు తీసుకుని చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. తూకంగారు మూడుసార్లు వచ్చి కొట్టు బయట నిలబడ్డారు. మూడుసార్లూ మేస్త్రి తల వంచుకుని, బాగానే ఉన్న మర విప్పి మళ్ళీ బిగించాడు. నాలుగోసారి ఆయన రాలేదు. మూడేళ్ళు గడిచాయి. తూకంగారు కూడా రిటైరయ్యారని ఎవరో చెబితే, "అలాగా" అని ఊరుకున్నాడు.

ఈ ఏడు లైసెన్సు కాగితం కోసం ఆఫీసుకు వెళితే, ఆ సీటు స్నేహితుడి గుమాస్తాయే కనిపించాడు.

"మీ హామీ సంతకం అయిపోయింది లెండి. ఈసారి కొత్త పరీక్షాధికారి, ఆవిడ పెట్టారు."

"హామీ సంతకం ఏమిటి?"

గుమాస్తా వింతగా చూశాడు. "చదువు కాగితం లేని పనివాడికి ఏటేటా తూనికలు తెలిసినవాళ్ళెవరైనా సంతకం పెట్టాలిగా. లేకపోతే అప్పట్లో ఉద్యోగమూ లేదు, ఇప్పుడు కొట్టూ లేదు. ఆ పెట్టేవాళ్ళు మీకు చుట్టమూ కాకూడదు, స్నేహితుడూ కాకూడదు. ఆఫీసులో త్రాసు సంగతి తెలిసింది తూకంగారొక్కరికే. ఆ కాగితం ఆఫీసే నేరుగా పంపుతుంది, పాతికేళ్ళూ ఆయనే పెట్టారు. మీకు తెలియదా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. గుమాస్తా ఫైలు విప్పి ఒక్కో కాగితం చదివి వినిపించాడు. దరఖాస్తుదారుతో మీకున్న సంబంధం: మొదటి మూడేళ్ళూ పరిచయం, నాలుగో ఏట తెలిసినవాడు. మరుసటి ఏడు: తెలిసినవాడు. పాతిక కాగితాల మీదా అదే చేతిరాత, నాలుగో ఏటి నుంచీ అదే మాట. మాటలు మానేసిన మూడేళ్ళవి కూడా అందులో ఉన్నాయి.

"ఈ ఏడు మాత్రం సంతకం పెట్టకుండా తిప్పి పంపారు" అంటూ ఆఖరి కాగితం చదివాడు. "సంబంధం: స్నేహితుడు. కనుక నా సాక్ష్యం చెల్లదు."

"మరి ఆవిడెలా పెట్టింది?"

"పోయిన నెలంతా తూకంగారే ఆవిణ్ణి కొట్టుకొట్టుకీ తిప్పి, మీరు బాగుచేసిన త్రాసులు చూపించారు. నా మాట నమ్మొద్దమ్మా, నేనాయన స్నేహితుణ్ణి, త్రాసునే అడుగు అన్నారట."

మేస్త్రికి తను ఊరికే విప్పి బిగించిన ఆ మూడు మరలూ గుర్తొచ్చాయి. బయట నిలబడ్డ మనిషిని ఒక్కసారి కూర్చోమంటే నా సొమ్మేం పోయేది, అని తనను తానే తిట్టుకుంటూ నడిచాడు.

తూకంగారి ఇంటి తలుపు తీసే ఉంది. మేస్త్రి గడప బయటే ఆగిపోయాడు.

"లోపలికి రండి మేస్త్రీ."

"వస్తే స్నేహం అవుతుందిగా సార్."

"అయిపోయింది. కాగితం మీద కూడా రాశాను."

మేస్త్రి లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. తూకంగారు వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చారు.

"ముందే చెప్పొచ్చుగా సార్. పాతికేళ్ళు నన్నెందుకు ఏడిపించారు?"

"చెబితే కృతజ్ఞత మొదలవుతుంది. కృతజ్ఞత వచ్చాక స్నేహం ఎంతసేపు? అప్పుడు నా సంతకం అబద్ధమవుతుంది, మీ పని పోతుంది. అందుకే మీ గడప తొక్కలేదు."

"మరి ఈ ఏడెందుకు పెట్టలేదు?"

తూకంగారు గ్లాసులోకి చూస్తూ చెప్పారు. "మీరు అలిగినప్పుడు సంతకం తేలికవుతుందనుకున్నాను. ఎలాగో మూడేళ్ళు పెట్టాను. కానీ రోజూ ఎదురు బల్ల వైపు చూసేవాణ్ణి. ఉట్టి తెలిసినవాడు కనబడకపోతే మనిషికి ఇంత వెలితిగా ఉండదు మేస్త్రీ. ఈసారి పెన్ను పట్టుకుంటే చెయ్యి రాలేదు."

ఇంతలో పక్కింటాయన పేపరు కోసం వచ్చి, "ఎవరండీ, బంధువులా?" అని అడిగాడు.

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

"స్నేహితుడు" అన్నారు తూకంగారు.

"ఎప్పుడూ చూడలేదే. కొత్త స్నేహమా?"

"లేదు, పాతికేళ్ళది. చెప్పడమే కాస్త ఆలస్యమైంది."

పక్కింటాయన పేపరు పట్టుకుని వెళ్ళిపోయాడు. మేస్త్రి కళ్ళు తుడుచుకుని, తూకంగారి వైపు ఓరగా చూశాడు.

"ఆ 'కాస్త' అన్నది తూచే అన్నారా సార్?"

తూకంగారు ఆ మాటను మనసులోనే మళ్ళీ తూచి చూశారు.

"లేదు మేస్త్రీ" అని ఒప్పుకున్నారు చివరికి. "అది తక్కువ తూకమే."