దేవుడి గదిలోని ఉప్పు

మా మేనత్త పోయింది. చెల్లి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసేసరికి పొద్దుటి దీపంలో నూనె పోస్తున్నాను. "అక్కా, అత్త ఎల్లిపోనాది" అంది. పోయడం ఆపడం మరిచాను. కుంది నిండి పొర్లింది.

మా అమ్మ పోయేటప్పటికి నాకు పదకొండేళ్ళు, చెల్లికి నాలుగు. అప్పటినుంచి మాకు అమ్మ ఆవిడే. చేపలకి ఉప్పు పట్టించి, ఇసుక మీద వల పరిచి ఎండబెట్టి, తట్టలో కోటబొమ్మాళి సంతకి తీసుకెళ్ళేది. ఉప్పు ఎప్పుడూ కొలవలేదు. గుప్పెట్లోంచి జారే చప్పుడు విని చాలనేది. "ఉప్పెడితే సేప తన నీరు తనే ఒగ్గేత్తాదే" అని నాకు నేర్పింది.

కొన్నేళ్ళ కిందట ఆవిడకి బీపీ అన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. వంట నాది. మామూలు ఉప్పు పూర్తిగా మానేసి, దేవుడి గదిలో ఉండే సైంధవ లవణం వేయడం మొదలుపెట్టాను. ఏకాదశి ఉపవాసంలోనే దోషం లేనిది, ఒంటికి మాత్రం ఎందుకుంటుంది అనుకున్నాను. రుచి చాలక కొంచెం ఎక్కువే వేసేదాన్ని.

బీపీ దిగలేదు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయేది. కిడ్నీ డాక్టరు ఏ ఉప్పు వాడుతున్నారని అడిగితే ధైర్యంగానే చెప్పాను.

"అదీ ఉప్పేనమ్మా. అందులోనూ సోడియమే" అన్నారాయన. ఎక్కువైన ఉప్పుని కిడ్నీ బయటికి పంపాలట. పంపలేకపోతే ఆ ఉప్పు నీటిని కూడా ఒంట్లోనే ఉంచేస్తుంది. రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి మళ్ళీ కిడ్నీనే దెబ్బతీస్తుంది.

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏటి బావూ, ఉప్పెట్టి సేపల్లో నీరంతా లాగేసినాను ఇన్నేళ్ళూ. ఆ ఉప్పే నా ఒంట్లో నీరట్టుకుందా? సేప కన్నా తీసిపోనానా నాను?"

డాక్టరు నవ్వారు. నేను నవ్వలేదు. "ముందు ఏది పాడైందండీ? బీపీ వల్ల కిడ్నీయా, కిడ్నీ వల్ల బీపీయా?"

"ఇప్పుడు చెప్పలేమమ్మా. రెండూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి."

నా వంట వల్లనా అని అడగబోయి, మందుల చీటీ తీసుకుని లేచాను.

తిరిగొస్తుంటే ఆటోలో నా ఏడుపు చూసి అత్త నా మోకాలి మీద ఒక్కటిచ్చింది. "ఒసే పెద్దదానా, ఊరుకో. దేవుడి ఉప్పని నువ్వేసినావు, బాగుందని నాను తిన్నాను. సప్పిడి కూడైతే నీ ఇంట ఉందునా?"

ఆ రోజు నుంచి చప్పిడే పెట్టాను. "మా పెద్దది నా మీద కచ్చ కట్టినాది" అని పక్కింట్లో చెప్పుకునేది. కంచంలో మాత్రం మెతుకు మిగల్చలేదు.

కిడ్నీలు ముందే పాడై ఉప్పుని ఆపేశాయో, నా ఉప్పే వాటిని పాడుచేసిందో నాకిప్పటికీ తెలియదు. అత్త ఉండగానే ఒకసారి శ్రీకూర్మం వెళ్ళి స్వామి ముందు నిలబడితే దండం బదులు అదే ప్రశ్న వచ్చింది. నా చేతుల్లో అన్నం పెట్టిన మనిషికి ఆ చేతులతో ఏం పెట్టానో తెలియడం లేదు. మీ ఇళ్ళలో బీపీ మనుషులుంటే, ఏ ఉప్పయినా ఉప్పేనని మాత్రం చెప్పగలను.

అత్త పోయిన పదోనాడు ఆవిడకిష్టమైన ఎండుచేపల పులుసు వండాను. ఉప్పు దగ్గర చెయ్యి ఆగింది.

"ఎయ్యక్కా. ఇంకేటవుతాదీ?" అంది చెల్లి.

ఉప్పు తీసుకుని, గుప్పెట బిగించి పొయ్యి దగ్గర అలాగే నిలబడ్డాను. విప్పేసరికి ఉప్పు చెమర్చి, అరచేతికి అంటుకుని ఉంది.