దొడ్డి దాటని పురుగులు

ఓడిపోయినవాడు తన తప్పొక్కటి వదిలేసి మిగతా కారణాలన్నీ వెతుక్కోవడం ఈ కాలంలో కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. ఆ రోజుల్లోనూ ఉండేది. నాకైతే బాగా ముదిరి ఉండేది. పరీక్షలో మార్కులు తగ్గితే పెన్ను మీదికి, క్రికెట్లో బౌల్డయితే పిచ్ మీదికి, బస్సు తప్పిపోతే డ్రైవరు మీదికి నెట్టేసి హాయిగా తిరిగేవాణ్ని (డ్రైవరు పాపం టైముకే వచ్చేవాడు, నేనే నిద్ర లేచేవాణ్ని కాదు). అలాంటి నేను ఒకసారి ఒక జాతి జాతినే నిందించి పంచాయితీ దాకా తెచ్చుకున్నాను. ఆ జాతి ఈ భూమ్మీదది కాదు కాబట్టి ఎవరూ నా మీద కేసు పెట్టలేదు గానీ, టౌన్లో నాకున్న ఒకే ఒక్క స్నేహితుణ్ని పోగొట్టుకునేంత పని చేశాను.

మాది పెద్దారవీడు వైపు పల్లె, గొర్రెల ఇల్లు. డిగ్రీ చదువుకని రోజూ బస్సెక్కి మార్కాపురం వచ్చేవాణ్ని. కాలేజీలో నన్ను పలకరించిన మొదటివాడు స్లేటు. వాళ్ల నాన్నకు పలకల కార్ఖానా ఉండటంతో వాడికి ఆ పేరు స్థిరపడిపోయింది, లెక్చరర్లు కూడా హాజరు పట్టీ పక్కన పెట్టి అలాగే పిలిచేవాళ్లు. వాడి సొంత మేనమామ బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. ఆయన్ని స్లేటు మామూ అంటాడు కాబట్టి నేనూ మామూ అన్నాను, కొన్నాళ్లకు టౌన్లో సగం మంది కుర్రాళ్లకు ఆయన మామూ అయిపోయాడు. మామూకి కంప్యూటర్ గురించి తెలిసిందల్లా పైన దుమ్ము తుడవడం, కరెంటు పోతే కేకలు వెయ్యడం. అయితే వీధిలో అన్నదమ్ముల తగువులూ గోడల తగువులూ ఆయన దగ్గరికే వచ్చేవి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

ఆ సెంటర్లో రెండు కంప్యూటర్లను వైరుతో కలిపి స్లేటు ఒక ఆట ఎక్కించాడు. ఆకాశంలో ఎక్కడో ఒక బంజరు నేల. దాని కోసం మూడు జాతులు కొట్టుకుంటుంటాయి. ఒకటి మనుషులు, తుపాకులూ ట్యాంకులూ ఉన్నవాళ్లు. రెండోది పురుగులు, గుడ్లలోంచి గుంపులు గుంపులుగా పుట్టుకొస్తాయి. మూడోది ఒళ్లంతా వెలుగుతో మెరిసిపోయే పెద్దమనుషులు, తక్కువ మందే గానీ ఒక్కొక్కణ్ని తయారు చెయ్యాలంటే ఆస్తి కరిగిపోతుంది (వాళ్లకు మేము జమీందార్లని పేరు పెట్టి, మెట్ట ప్రాంతం వాళ్లం మనకెందుకని ముట్టుకోలేదు). నీలం రాళ్లు తవ్వుకోవాలి, వాటితో ఇళ్లు కట్టాలి, సైన్యం పెంచాలి, వెళ్లి అవతలివాణ్ని కొట్టాలి. ఆటగాళ్లు ఆగకూడదు, వంతులుండవు, ఇద్దరి పనీ ఒకేసారి సాగిపోతుంటుంది. మూడు జాతులూ దేనికది వేరే అయినా తూకం వేస్తే సమానంగా తూగుతాయని ఆ ఆట తెలిసినవాళ్లంతా చెప్పేవాళ్లు. నమ్మనివాణ్ని నేనొక్కణ్నే.

స్లేటు మనుషుల్ని తీసుకున్నాడు, నేను పురుగుల్ని. గుంపుగా పుడతాయి, గుంపుగా కదులుతాయి, తోలినవైపు పోతాయి. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన పని కదా! చిక్కల్లా అక్కడే వచ్చింది. మా ఇంట్లో సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చాక నాయన వాకిట్లో నిలబడి ఒక్కొక్క గొర్రెనూ తట్టి లెక్కపెట్టేవాడు. ఒక్కటి తక్కువైతే కంచం ముందు కూర్చునేవాడు కాదు, చేతికర్ర పట్టుకుని మళ్లీ నల్లమల వైపు నడిచేవాడు. ఆయన వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఆ పెంపకంలో పెరిగినవాణ్ని, పురుగుల్ని చావడానికి ఎలా పంపగలను చెప్పండి? నలభై పుట్టించేవాణ్ని, యాభై పుట్టించేవాణ్ని, అన్నింటినీ గూడు చుట్టూ చేర్చి మౌసుతో గీత గీసి లెక్క చూసుకునేవాణ్ని. అవి అక్కడే అటూ ఇటూ కదులుతూ ఉంటే కళ్లకు చల్లగా ఉండేది. ఈలోపు స్లేటు పలకలు పేర్చినట్టు ట్యాంకుల్ని వరసగా పేర్చుకుంటూ వచ్చి, దూరం నుంచే మొత్తం మందను మట్టిలో కలిపేసేవాడు.

ఇలా ఆదివారం తర్వాత ఆదివారం ఓడిపోయాను. ఓడినప్పుడల్లా పురుగుల్ని తిట్టుకునేవాణ్ని. ఒక ఆదివారం సెంటర్ నిండా జనం ఉండగా మళ్లీ ట్యాంకులొచ్చాయి, మళ్లీ మంద పోయింది. నాకు తల తిరిగిపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి, "ఇదంతా మోసంరా! మీ మామూ దుకాణం కాబట్టి మనుషులకు లోపల బలం ఎక్కించి పెట్టినారు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను గానీ, మాట అప్పటికే సెంటరంతా తిరిగి మామూ బల్ల దాకా వెళ్లిపోయింది. స్లేటు ముఖం ఎర్రబడింది. "నన్నేమన్నా అను. మా మామూను అంటావా? రేపటి నుంచి నాతో మాట్లాడబాకు" అని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి వాడు క్లాసులో ముందు బెంచీకి మారిపోయాడు. అది తట్టుకున్నాను. మధ్యాహ్నం వచ్చేసరికి నా ప్రాణం మీదికి వచ్చింది. అప్పటిదాకా వాళ్లమ్మ (నేనూ అమ్మీ అనే పిలిచేవాణ్ని) ఇద్దరికీ కలిపి ఒకటే క్యారియర్ పంపేది. పుల్లటి పప్పు, వేపుడు, శుక్రవారమైతే గోంగూర మాంసం. నేను ఇంటి నుంచి తెచ్చుకునే సద్దిమూట విప్పడమే మర్చిపోయాను. ఇప్పుడు స్లేటు కాలేజీ గోడ అవతల ఒక్కడే కూర్చుని తింటున్నాడు, నేను గోడ ఇవతల రాగిసంగటి మింగుతున్నాను. తమాషా ఏమిటంటే వాడూ సగం తిని మూత పెట్టేస్తున్నాడు. గోడ సందులోంచి చూశాను కాబట్టి తెలుసు. అయినా పోయి పలకరించడానికి నాకు మనసు రాలేదు. తప్పు పురుగులదైతే నేనెందుకు దిగిరావాలి?

ఐదో రోజు మామూయే కబురు పెట్టాడు. వెళ్లేసరికి సెంటర్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక కుర్చీలో స్లేటు నేల చూస్తూ కూర్చున్నాడు. మామూ టీ తాగి గ్లాసు పక్కన పెట్టి, "నా దుకాణం మీద మాట పడింది. తేల్చకుండా వదిలేది లేదు. ఫిర్యాదు చెప్పు బేటా" అన్నాడు.

"మామూ, వీడి మనుషులకు తుపాకులున్నాయి, ట్యాంకులున్నాయి. వాళ్లు కట్టుకున్న ఇల్లు కూడా గాల్లోకి లేచి ఎగిరిపోతాది. నా పురుగులకేముండాయి? గోళ్లు, పండ్లు" అన్నాను.

"నేల ఎవరికి ఎంత?"

"ఇద్దరికీ సమానమే."

"రాళ్లు?"

"సమానమే."

"నీళ్లు?"

"ఆ ఆటలో నీళ్లు లేవు మామూ."

మామూ నోరు తెరిచాడు. "నీళ్లు లేని నేల కోసరం ఇంతమంది చస్తుండారా?" అన్నాడు. వెనక నుంచి ఎవరో "మనం కొట్టుకోవడంల్యా మామూ" అన్నారు. అందరూ నవ్వారు, స్లేటూ నేనూ తప్ప. నవ్వు రాలేదని కాదు, ముందు వాడు నవ్వాలని నేను, నేను నవ్వాలని వాడు.

మామూ కాసేపు గడ్డం నిమురుకుని, "మీ నాయన, మీ చిన్నాయన వేరుపడినప్పుడు గొర్రెలు ఎట్ల పంచుకున్నారు?" అని అడిగాడు.

"నాయన రెండు మందలుగా చేసినాడు. చిన్నాయన ముందు ఏరుకున్నాడు."

"ఎందుకట్ల?"

"పంచినోడే ఏరుకుంటే మంచివి తనవైపు పెట్టుకుంటాడని."

"శభాష్. మరి ఈ ఆటను పంచినోడెవరు?"

"ఎవరో విదేశాలోళ్లు మామూ."

"వాళ్లేమన్నా మార్కాపురం వచ్చి ఆడతారా? ఆడరు. అట్లయితే వాళ్లకు మోసం చేయాల్సిన పని ల్యా. అయినా నీకు అనుమానముండాది కాబట్టి నీవే ముందు ఏరుకో. ఏ కంప్యూటరన్నా, ఏ జాతన్నా. మిగిలింది వీడు తీసుకుంటాడు. నీవు గెలిస్తే నా దుకాణంలో మోసముందని నేనే బోర్డు రాసి పెడతా. ఓడితే తప్పు ఒప్పుకో."

ఇంతకంటే న్యాయం ఏ కోర్టులోనూ దొరకదు. నేను స్లేటు కంప్యూటర్ ముందు కూర్చుని మనుషుల్ని ఏరుకున్నాను. వాడు నా కుర్చీలోకి వెళ్లి పురుగుల్ని తీసుకున్నాడు. నా పురుగులు వాడి చేతికి పోతుంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది, నిజం చెప్తున్నాను. ఆట మొదలైంది. ఇన్నాళ్లకు తుపాకులు చేతికొచ్చాయి కదా, నేను మొదట చేసిన పనేమిటో తెలుసా? దొడ్డి కట్టడం. ఇళ్లన్నీ వరసగా కలిపి కట్టి, మధ్యలో మనుషులు వచ్చిపోవడానికి ఒక సందు వదిలాను. మా వైపు ఎవరైనా అంతే, ముందు దొడ్డి, ఆ తర్వాతే మంద. తుపాకులవాళ్లను తరువాత తయారు చెయ్యొచ్చని రాళ్లు మోసే కూలీల్ని లోపలికి పిలిచి లెక్క చూసుకుంటున్నాను. ఏడో, ఎనిమిదో దగ్గర ఉన్నాను.

అప్పుడే ఆ సందులోంచి ఆరు పురుగులు లోపలికొచ్చాయి. ఆరంటే ఆరే. ఇంకా పెద్ద గూడు కూడా పెట్టకుండా, ఉన్న నాలుగు రాళ్లూ పెట్టి ఆరు పిల్ల పురుగుల్ని పుట్టించి తోలేశాడు స్లేటు. నేను యాభైని పెంచుకుని దాచుకున్న జాతిలోవే అవి. కళ్లముందే నా కూలీల్ని ఒక్కొక్కణ్ని కొరుకుతుంటే, నేను మిగిలినవాళ్లను ఈ మూల నుంచి ఆ మూలకు తోలుతూ ఉండిపోయాను. దొడ్డి మాత్రం చెక్కుచెదరలేదు. టీ తెచ్చినవాడు గ్లాసులు అందరికీ పంచేలోపల ఆట అయిపోయింది.

సెంటర్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను మామూ దగ్గరికి వెళ్లి, "తప్పయింది మామూ" అన్నాను. "నాకెందుకు? వాడికి చెప్పు" అన్నాడాయన. స్లేటు వైపు తిరిగాను. ఇంకా తెరవైపే చూస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపలే వాడు, "మామూ, నాదీ ఒక తప్పుండాది" అన్నాడు.

అందరం వాడివైపు చూశాం.

"వీడి పురుగులంటే నాకు మొదటినుంచీ బయమే. ఆట మొదట్లోనే ఒక ఆరు పంపినాడంటే నేను పోయినట్టే. ట్యాంకులు తయారయ్యేలోపల నా దగ్గర ఏమీ ఉండదు. వీడికి పంపబుద్ధి కాదు మామూ. ఒకటి చస్తే వీడి ముఖం చూడాల, ఇంట్లో ఎవరో పోయినట్టు పెడతాడు. నాకు తెలిసి కూడా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను నేను, కోపం, ఏడుపు, నవ్వు అన్నీ ఒకేసారి వచ్చి.

"చెప్తే గెలుస్తావు కదరా!"

మామూ తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని క్షమించారో గుర్తులేదు. ఇద్దర్నీ మెడ పట్టి బయటికి నెట్టి, "మీ అమ్మీ నాలుగు దినాల నుంచి క్యారియర్ సగం తిరిగొస్తుండాదని నా ప్రాణం తోడేస్తుండాది. పోయి తినండి" అని కేకేశాడు. ఆ రోజు శుక్రవారం. గోంగూర మాంసంలో పెద్ద ముక్క నావైపు నెట్టి, "ఈసారి పంపు మరి" అన్నాడు స్లేటు. "అట్నే" అన్నాను. డిగ్రీ అయిపోయేదాకా పంపలేదు. డిగ్రీ అయిపోయేదాకా ఓడిపోయాను. కానీ మళ్లీ ఎప్పుడూ పురుగుల్ని తిట్టలేదు.

ఇప్పుడు నేను గిద్దలూరు వైపు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మందల మధ్య నిలబడి టీకాలు వెయ్యడం, లెక్క రాసుకోవడం. (నాయన పోయే ముందు ఒకసారి నా ఉద్యోగం చూసి, "మళ్లీ గొర్రెల కాడికే వచ్చినావు కదరా, మధ్యలో ఆ చదువెందుకు" అని నవ్వాడు.) స్లేటు వాళ్ల కార్ఖానాలో పలకలు కోసేవాళ్లు లేక, ఇప్పుడు గచ్చు బండలు అమ్ముతున్నాడు. మొన్న వేసవిలో వెళ్తే, బండల షెడ్డులో రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నాడు. అదే ఆట, రంగులు కాస్త మెరుగు పెట్టారంతే. బొట్టు బొట్టుగా చెమట కారుతుండగా పక్కపక్కన కూర్చున్నాం. నేను పురుగుల్ని తీసుకున్నాను. ఏ మూడ్‌లో ఉన్నానో గానీ, ఆరు పుట్టగానే కళ్లు మూసుకుని తోలేశాను.

వాడి ట్యాంకులు ఇంకా పుట్టనే లేదు. "గెలిచినావు పోరా, ఇన్నేండ్లకు!" అని స్లేటు ల్యాప్‌టాప్ మూసేసి, చేతులు పైకెత్తి, లోపలికి చూసి టీ పెట్టమని కేక వేశాడు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన గెలుపు. నేను మాత్రం మౌస్ వదల్లేదు. తెర మీద పటాన్ని ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుతూనే ఉన్నాను.

"ఇంకా ఏం ఎతుకుతుండావురా?" అన్నాడు వాడు.

"ఆరు పంపినా. ఐదే కనపడుతుండాయి" అన్నాను.

వాడు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాడూ వెతకడం మొదలుపెట్టాడు.