నాంపల్లి నుంచి అబిడ్స్ అంత దూరం

అబిడ్స్‌లో మా సేవా సంఘం ప్రెసిడెంట్ రాజలింగం గారి బట్టల షాపు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'అంధ బాలికల హాస్టల్ కోసం శ్రీలంకలో సైకిల్ యాత్ర' అని రాసి, మధ్యలో అనసూయ ఫోటో, చుట్టూ మా అందరి మొహాలు, అన్నిటికంటే పెద్దగా ప్రెసిడెంట్ గారి మొహం వేయించారు. సైకిల్ బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. వెతికి మరీ చూశాను.

అనసూయకి పుట్టుకతోనే చూపు లేదు. నాంపల్లిలో ఆ హాస్టల్లోనే పెరిగి, ఇప్పుడు అబిడ్స్‌లో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తోంది. నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు సైకిల్ తొక్కే పిచ్చి ఉన్నదాన్ని కాబట్టి ఇద్దరు తొక్కే జంట సైకిల్లో ముందు సీటు నాకిచ్చారు, వెనక సీటు ఆమెకి. ప్రాక్టీసు మొదటి రోజే ఆమె చెప్పింది: "చిన్నప్పటి నుంచి అందరు నాకు చెప్పేది ఒక్కటే మాట అక్కా, కూచో అని. శ్రీలంకల గా కొండ ఒక్కటి నా కాళ్లతోని ఎక్కుత." ఈ యాత్ర మొత్తంలో నాకు అర్థమైన ఆశయం అదొక్కటే.

నాంపల్లిలో చెన్నై బండెక్కి, చెన్నైలో విమానమెక్కి, కొలంబోలో దిగి, వ్యాన్లో క్యాండీ చేరాం. సైకిళ్లు అక్కడ అద్దెకి దొరుకుతాయి. జంట సైకిల్ కావాలంటే ముందే చెప్పి ఉంచుకోవాలి. మొదటి రోజులు చదును రోడ్ల మీద ఫోటోలు దిగుతూ గడిచిపోయాయి. చెప్పుకోవాల్సింది కొండెక్కిన రోజు గురించి. గంపొల నుంచి నువర ఎలియకి, దారంతా టీ తోటల మధ్య ఎక్కుడే.

ఆరింటికి బయల్దేరాలి, ఎనిమిదయింది. వెంట తెచ్చుకున్న రెండో ఫ్లెక్సీ వంకరగా వస్తోందని ఫోటో మళ్లీ మళ్లీ తీయించారు. లాడ్జిలో బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియప్పం, సంబల్ అనే కొబ్బరి పచ్చడి, పలుచటి పప్పు కూర పెట్టారు. చాలా బాగున్నాయి. మా వాళ్లు మాత్రం ఇడ్లీ లేదని అలిగారు. పరదేశం వచ్చి ఇడ్లీ కోసం అలగడం మనవాళ్లకే చెల్లింది.

మొదటి ఎత్తు దగ్గరే మా వాళ్ల పసుపు జెర్సీలన్నీ ఒక్కొక్కటిగా వ్యాన్ ఎక్కేశాయి. ఒకాయనకి మోకాలు, ఇంకొకాయనకి బీపీ, మూడో ఆయనకి కారణం కూడా అక్కర్లేదు. కాసేపటికి సైకిళ్లు వ్యాన్ పైన, మనుషులు లోపల. "మస్తు ఎక్కుతున్నం, చెమటలు కారుతున్నయ్" అని ఒకాయన ఏసీలో కూర్చుని, చిప్స్ నములుతూ ఇంటికి ఫోన్ చేస్తున్నాడు.

"ఇంకెంత దూరం సార్?" అని వ్యాన్ పక్కకి వచ్చినప్పుడు అడిగాను.

ప్రెసిడెంట్ గారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "ఏముంది మేడమ్, నాంపల్లికెల్లి అబిడ్స్ అంత!"

నడిచినా ఇరవై నిమిషాలు పట్టని దూరమది. గంట తర్వాత అడిగినా అదే జవాబు. ఇంట్లో లుంగీతో కూర్చుని "అబిడ్స్‌ల ఉన్న, ఐదు నిమిషాలు" అని ఫోన్లో చెప్పే ఊరు మాది. సముద్రం దాటినా ఆ అలవాటు పోలేదు.

రాంబొడ దగ్గర జలపాతం ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. తప్పక ఆగండి. కొట్టామె తమిళావిడ. అనసూయ చేతికి గ్లాసు అందించి వేడి తగ్గేదాకా తన చేయి కూడా దాని మీదే ఉంచింది. ఆ రోజు అనసూయని కూర్చోమనని మనిషి ఆవిడొక్కతే.

అక్కడి నుంచి వాన పట్టుకుంది. రెండు మలుపులు తిరిగామో లేదో వ్యాన్ మా ముందుకొచ్చి అడ్డంగా ఆగింది.

"బిడ్డా, అలిసిపోయినవు, వచ్చి వ్యాన్‌ల కూచో" అన్నారు ప్రెసిడెంట్ గారు. "నాలుగింటికి గాడ పైన సభకు చీఫ్ గెస్ట్ వస్తున్నడు. నువ్వు లేకుంటే అది ఫోటో ఎట్లయితది?"

"నేను అలిసిపోలే సార్. ఇంకెంత దూరం?"

"నాంపల్లికెల్లి అబిడ్స్ అంత."

"నేను రోజు నాంపల్లికెల్లి అబిడ్స్‌కు నడుస్త సార్. మీ అబిడ్స్ పొద్దుగాల నుంచి రాకపాయె."

వ్యాన్లో ఎవరో నవ్వారు. ఆయనకి ఒళ్లు మండింది. సైకిల్ పైకి ఎక్కించమని ఇద్దరికి చెప్పారు. వాళ్లు వచ్చి పట్టుకున్నారు. నేను దిగాను. అనసూయ దిగలేదు. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, "ఎక్కియ్యున్రి. నన్ను గూడ సైకిల్‌తోనే పైన కట్టున్రి" అంది.

వాళ్లు మొహమొహాలు చూసుకుని సైకిల్ వదిలేశారు. నాకు పట్టరాని సంతోషం వేసింది. "మీ ఇష్టం, మాకేం ఫికర్ లేదు" అని ప్రెసిడెంట్ గారు తలుపు వేసుకున్నారు. వ్యాన్ మా మీద బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత చలి, వాన, మలుపు మీద మలుపు. ఒక దశలో ఆ వ్యానే వెనక్కి వస్తే బాగుండునని నాకే అనిపించింది.

"అక్కా, ఇంకెంత?"

"చాలా ఉంది అనసూయా."

"గట్ల నిజం చెప్పు. కాళ్లకు గూడ తెల్వాలె గదా."

అయిదున్నరకి నువర ఎలియ చేరాం. సభ అయిపోయింది. శాలువాలు కప్పుకుని మా వాళ్లు టీ తాగుతున్నారు, ఫ్లెక్సీ మడతపెడుతున్నారు. అనసూయ లేకుండానే ఫోటో ఎలా తీశారని అడిగాను. "ఫ్లెక్సీల ఉన్నది గద మేడమ్!" అన్నారు ప్రెసిడెంట్ గారు, ఏమాత్రం తడబడకుండా.

అనసూయ తడి చున్నీ పిండుకుంటూ నవ్వింది. "నా బొమ్మ వ్యాన్‌ల వచ్చింది సార్. నేను సైకిల్ మీద వచ్చిన."

వెళ్లాలనుకునేవాళ్లు తప్పక వెళ్లండి. రోడ్డు మంచిది, మనుషులు ఇంకా మంచివాళ్లు. వానకోటు తీసుకెళ్లండి. ఫ్లెక్సీని, ప్రెసిడెంట్‌ని ఇంట్లో వదిలేయండి.

తిరుగు ప్రయాణంలో పొద్దున్నే నాంపల్లిలో దిగాం. బయట పూలు కట్టిన కారు నిలబడి ఉంది. అబిడ్స్‌లో షాపు ముందు స్వాగత సభ పెట్టారట.

"బిడ్డా, కార్ల కూచో" అన్నారు ప్రెసిడెంట్ గారు.

"మీరు కూచోండ్రి సార్. అబిడ్సే గదా" అంటూ అనసూయ తన మడత కర్ర విప్పింది.

ఇద్దరం నడిచే వెళ్లాం. షాపు ముందు ఫ్లెక్సీ కింద మేళం సిద్ధంగా ఉంది, పూలకారు ఇంకా రాలేదు. ఎవరో కుర్చీ తెచ్చి కూర్చోమన్నారు. అనసూయ నిలబడే ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేసింది.

"వస్తున్న బిడ్డా" అన్నారాయన, హారన్ల మోతలోంచి. "అబిడ్స్‌లనే ఉన్న."