బిందెల మీది పేర్లు చదివిన రోజు

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. ఎందుకంటే దీన్ని ఇప్పటికే మా షడ్డకుడు చెంగల్రాయులు, అంటే మా ఆవిడ అక్క మొగుడు, కనిపించిన ప్రతి పెళ్లిపందిట్లో చెప్పేస్తున్నాడు. చెబితే చెప్పనీ, నా బాధ అది కాదు. నాకంటే బాగా చెబుతున్నాడు. పొరపాటు చేసింది నేను, వీధంతా కలిసి ఉతికి ఆరేసింది నన్ను, ఆ కథకు ఇన్నేళ్లుగా వస్తున్న నవ్వులు మాత్రం ఆయనకు. ఇది న్యాయమా, మీరే చెప్పండి. అందుకని ఒక ట్యాంకరు నీళ్లు, ఒక వీధిలోని ఇత్తడి మొత్తం, వాటితోపాటు నా పరువు ఒకే పూటలో ఎట్లా కొట్టుకుపోయాయో నా నోటి నుంచే వినండి.

మా ఊరి పేరు చెప్పను. చిత్తూరులో తిరుపతి బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే వచ్చే ఊరు అనుకోండి. డెబ్బైల చివర, వానలు వరసగా ముఖం చాటేసిన కాలం. మునిసిపాలిటీ ఏట్లో తవ్వించిన బావులు ఎండిపోయాయి. కొళాయి తిప్పితే గాలి వచ్చేది, అదీ వేడిగాలి. అందుకని చుట్టుపక్కల రైతుల బావుల నుంచి ట్రాక్టరు ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి వీధి వీధికీ పోసేవాళ్లు. బావి రైతుతో ఒక అగ్రిమెంటు, ట్రాక్టరు ఆసామితో ఇంకో అగ్రిమెంటు. ఆ అగ్రిమెంట్లు రాసే గుమాస్తాను నేను.

నేను కాలేజీ మెట్లు ఎక్కలేదు. మా ఊరి గ్రంథాలయమే నా కాలేజీ. చెదపురుగులు నాకంటే ముందు చదివేసినవి తప్ప అక్కడ నేను వదిలిన పుస్తకం లేదు. ఆ చదువంతా అగ్రిమెంట్లలోకి దించేవాణ్ణి. భూకంపం వస్తే బావి ఎవరిది, యుద్ధం వస్తే నీళ్లకు ఎవరు పూచీ, అన్నీ అందులో ఉండేవి. ఒక రైతు మొత్తం ఓపిగ్గా విని, "అంతా బాగుండాదిప్పా. ఇంతకీ మీకు కావాల్సింది నీళ్లా, కాయితాలా?" అని అడిగాడు.

చెంగల్రాయులు అదే ఆఫీసులో ట్యాంకర్ల మేస్త్రీ. పేపరు కూడా సినిమా బొమ్మల కోసం తిరగేసే మనిషి. కానీ ఆయన ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వీధిలోకి వస్తుంటే స్వామి ఊరేగింపు వచ్చినట్టే. ఒకామె మజ్జిగ చెంబుతో ఎదురొచ్చేది, ఇంకొకామె మామిడిపండు కోసి పెట్టేది. ఆ నీళ్లు ఎవరివి? రైతువి. రైతు చేత సంతకం పెట్టించింది ఎవరు? నేను. మరి మజ్జిగ ఎవరికి? ఆ మజ్జిగ నా కడుపులోనే చిలుకుతున్నట్టు ఉండేది.

మా అత్తగారిల్లు ఆ ఊళ్లోనే. మా మామ గోవిందస్వామి వచ్చిన చుట్టానికల్లా "ఇవి మా పెద్దల్లుడు తెచ్చిన నీళ్లు, తాగండి" అని ఇచ్చేవాడు. అది చాలదన్నట్టు ఉగాదికి చెంగల్రాయులు మా అత్తకు స్టీలు బిందె తెచ్చి పెట్టాడు. అప్పట్లో స్టీలంటే వెండికి తమ్ముడే. వీధిలోని ఆడవాళ్లంతా వచ్చి దాంట్లో ముఖం చూసుకుని పోయారు. నాకు ఆ వారం అన్నం సహించలేదు. మా ఇంటి అటక మీద ఒక పెద్ద ఇత్తడి బిందె ఉంటే దించి, మా అమ్మ చేత చింతపండుతో తోమించి, తిరుపతిలో కొత్తగా కొన్నానని చెప్పి అత్త చేతిలో పెట్టాను. "ఎంత బాగుండాది నాయనా" అని అత్త అదోలా నవ్వింది. సంతోషం అనుకున్నాను. ఈ బిందెను కాస్త గుర్తు పెట్టుకోండి.

మా ఇద్దరికీ అసలు పోటీ అంబలి కుండ దగ్గర. గంగజాతర నాడు మా మామ ఇంటి ముందు వచ్చేపోయేవాళ్లకు అంబలి పోస్తారు. పొయ్యి మీది కుండ దించి మొదటి గరిటె పోసే మర్యాద అల్లుడిది. అల్లుళ్లం ఇద్దరం ఉన్నాం, పిలుపు మాత్రం ఏటేటా పెద్దల్లుడికే. రాగుల బలం గురించి గ్రంథాలయంలో చదివింది నేను, గరిటె పట్టేది ఆయన. నేను పక్కన నిలబడి ఉల్లిపాయలు అందించేవాణ్ణి. కళ్లలో నీళ్లు వస్తే ఉల్లిపాయల మీదికి తోసేవాణ్ణి.

ఆ ఏడు జాతర ఇంకా రెండు రోజులుందనగా చెంగల్రాయులు ట్రాక్టరు దిగుతూ జారి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించడానికి పుత్తూరు బస్సు ఎక్కించారు. అయ్యో అనుకున్నాను. మనసారానే అనుకున్నాను. కానీ ఆ అయ్యో పూర్తయ్యేలోపే నా కాళ్లు ఇంజనీరు గది వైపు నడిచాయి. మునిసిపాలిటీ మనిషి వెంట లేనిదే ట్యాంకరు కదలకూడదని అగ్రిమెంటులో ఉంది. రాసింది నేనే. ఆ మనిషిగా నేనే పోతానన్నాను.

"నీకు ఆ పని తెలుసునా మునిరత్నం?" అన్నాడు ఇంజనీరు.

"చదివినాను సార్."

ఆయన నా కళ్లజోడు కేసి, కిటికీలోంచి ట్యాంకరు కేసి చూసి, "ట్యాంకరు తిరిగొస్తే చాలు" అన్నాడు.

అక్కణ్నుంచి నేరుగా మామ దగ్గరికి పోయి, రేపు మీ వీధికి నీళ్లు తెచ్చేది నేనే అని చెప్పాను. మామ చుట్ట బూడిద దులిపి, "వీధిలో ఒక్క నోరు లేవకుండా పంచిపెట్టు సూద్దాం. ఈసారి కుండ నువ్వే దించుదువు లే" అన్నాడు. ఆ రాత్రి కలలో నేను దించిన అంబలి కుండ ఊరంత ఉంది.

ఇక్కడ ఆ వీధి పద్ధతి చెప్పాలి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆడవాళ్లు పొద్దున్నే వీధి మూలమీద బిందెలు వరసగా పెట్టి ఇళ్లకు పోయి పని చూసుకునేవాళ్లు. మనిషి బదులు బిందె నిలబడేది. హారను వినిపించగానే అందరూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. నీది ముందా నాది ముందా అని కాసేపు రభస, చెంగల్రాయులు రెండు జోకులు, నీళ్లు అయిపోయేవి, అందరూ పోయేవాళ్లు. నా కంటికి అది శుద్ధ అనాగరికం. పెద్ద నగరాల్లో ఉత్తరాలను పేర్లను బట్టి ఎట్లా వేరుచేసి పంచుతారో అంతకుముందే ఒక పుస్తకంలో చదివి ఉన్నాను. చూస్తే ప్రతి ఇత్తడి బిందె మెడ మీదా పేరు కొట్టించి ఉంది. ఇంకేం కావాలి? బిందెలన్నీ ట్యాంకరు దగ్గరికి చేర్చి నేనే నింపిస్తాను. అందరూ నేను గీసిన సున్నపు గీత వెనకాల నిలబడాలి. పేరు చదివి పిలుస్తాను. ఎవరి బిందె వాళ్లకు. తోపులాట లేదు, నోరు లేవదు.

గోవిందస్వామి అల్లుడు కదా అని ఎవరూ అడ్డం చెప్పలేదు. బిందెలన్నీ నిండాయి. ఎండలో వాటిని చూస్తే నాకే కళ్లు చెమర్చాయి. గొంతు సవరించుకుని మొదటిది చదివాను.

"కె. రెడ్డెమ్మ."

రెడ్డెమ్మ ఆ వీధిలో కలిగిన ముసలావిడ. కర్ర ఊపుకుంటూ వచ్చి బిందె మీద చెయ్యేసింది. గీత వెనక నుంచి మంగమ్మ అనే ఆమె, "అన్నా, అది నా బిందె" అంది. పేరు చూడమని మర్యాదగా చెప్పాను.

"పేరు ఆయమ్మదేన్నా. నా పెండ్లికి ఆయమ్మే సదివించింది."

మీలో తెలిసినవాళ్లు ఈపాటికే నెత్తి కొట్టుకుని ఉంటారు. మా సీమలో బిందె మీద ఉండేది బిందె వాడుకునేవాళ్ల పేరు కాదు. పెళ్లికి చదివించినవాళ్ల పేరు. పదిమందికీ తెలియాలని కొట్టించుకునేది. పుస్తకంలో ఉత్తరాల గురించి రాసినాయనకు చదివింపుల గురించి తెలియదు. నాకు తెలుసు. కానీ ఆ క్షణాన గుర్తు రాలేదు.

"చదివించినావా అవ్వా?" అని రెడ్డెమ్మను అడిగాను.

"లేదంటినా? ఇచ్చినాను. ఇప్పుడు గవర్నమెంటే పిలిచి తిరిగిస్తావుండాది. నేనెందుకు కాదనాల?"

పోనీ ఒక్క బిందెతో పోయిందా? పెళ్లి పిలుపు వస్తే రెడ్డెమ్మ బిందె తప్ప ఇంకోటి చదివించేది కాదట. వరసగా రెడ్డెమ్మ, రెడ్డెమ్మ, మళ్లీ రెడ్డెమ్మ. ఆమె ముందర ఇత్తడి అంగడి తయారైంది. గీత వెనక నుంచి మాటలు మొదలయ్యాయి. అక్కడ ఆపేసి ఉంటే బాగుండేది. కానీ మధ్యలో ఆపితే చెంగల్రాయులి ముందు తలెత్తుకోగలనా? గొంతు పెంచి, "మునెమ్మ" అన్నాను. ఎవరూ రాలేదు. ఇంకా గట్టిగా పిలిచాను.

"ఆయమ్మ పోయి మూడేండ్లాయ," అంది ఒకామె. "అంత అవసరమైతే నువ్వే పోయి పిలుచుకోని రాప్పా."

తర్వాతి బిందె మీద భజన మందిరం పేరుంది. అది భజన మందిరం కార్యదర్శి ఇంట్లో ఎందుకుందో వీధంతా ఆయన భార్యను అడగడం మొదలుపెట్టింది. అక్కకు చదివించిన బిందె చెల్లెలి పెళ్లిలో తేలిన వైనం ఇంకోటి. దాచుకున్న సంగతులన్నీ నేను గొంతెత్తి చదువుతున్నాను. గీత చెరిగిపోయింది. బిందెను ఇద్దరేసి పట్టుకుని లాగుతున్నారు. నీళ్లన్నీ నా చెప్పుల మీదుగా కాలవలోకి పోతున్నాయి.

ఖైరున్నీసమ్మ ఇంటి రాగి బిందెల మీద ఉర్దూ అక్షరాలున్నాయి. నాకు ఉర్దూ రాదు. "మాది సదవొద్దులే అన్నా, ఇట్లిచ్చేయ్" అని ఆమె తన బిందెలు తను తీసుకుంది. ఆ రోజు మొత్తంలో సరైన మనిషికి చేరిన నీళ్లు అవే. నేను చదవలేనివి.

అరుగు మీద మా మామ చుట్ట ఆరిపోయి ఉంది. ఒక్కటైనా సరైన పేరు దొరక్కపోతుందా అని వెతుకుతుంటే దొరికింది. పెద్ద ఇత్తడి బిందె, మెడ చుట్టూ మా అత్త పేరు. ప్రాణం లేచొచ్చింది. బిందెను గుండ్రంగా తిప్పుతూ, వీధి చివరికి వినిపించేటట్టు, ఉన్నదంతా చదివాను.

"పుష్పమ్మ, కూతురు వల్లెమ్మకు పెట్టిన పెండ్లి సారె."

బిందెలు లాగుతున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. వల్లెమ్మ నా భార్య. సారె అంటే ఆమెతో మా ఇంటికి పంపిన సామాను. ఆ బిందె నేను ఉగాదికి తిరుపతిలో కొత్తగా కొన్నది. అంటే మా అటక మీద కొన్నది.

రెడ్డెమ్మ కర్రతో బిందెను తట్టింది. "తిరపతిలో కొన్నానంటివే నాయనా. ఆడ మీ అత్త పేరు కూడా కొట్టే అమ్ముతారా?"

నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నాకు ఆ పొద్దే తెలుసు లే అల్లుడా. వల్లి సిన్నబోతాదని ఊరుకుంటి" అంది. ఊళ్లో ఉన్న పుస్తకాలన్నీ చదివిన నేను మా అటక మీది బిందెను చదవలేదు.

సరిగ్గా అప్పుడే పుత్తూరు బస్సు దిగి, మెడకు చెయ్యి వేలాడేసుకుని చెంగల్రాయులు వచ్చాడు. చూశాడు. ఏమైందని కూడా అడగలేదు. "ఏమ్మా, బిందె మోసేది మీ పేరా, మీ నడుమా? ఎత్తుకోని సూడండి, మీదైతే నడుముకు ఆనుకుంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఇందాకటి నుంచి అరుస్తున్నవాళ్లు నవ్వారు. ఎవరి బిందెలు వాళ్లు చంకనెత్తుకున్నారు. ఎవరో ఆయనకు మజ్జిగ కూడా తెచ్చారు. నన్ను నమ్మండి, వీధి పాడైనందుకు కాదు, ఆ మజ్జిగకు ఏడుపొచ్చింది నాకు.

మామ ఇంట్లో జాతరకు చుక్క నీళ్లు లేవు. ఖైరున్నీసమ్మ తన రాగి బిందెలు రెండు పంపితే అంబలికి ఎసరు పడింది. తెల్లవారి నేను ఒక మూల ఉల్లిపాయల దగ్గర కూర్చుని ఉంటే మామ వచ్చాడు. "పెద్దల్లుడికి సెయ్యి లేదు. కుండ నువ్వే దించు. దాని మీద పేరేమీ లేదు లే, బయపడొద్దు" అన్నాడు.

ఎట్లా వస్తేనేం, వచ్చింది. తలగుడ్డ చుట్టుకుని, వీధంతా చూస్తుండగా కుండ మీద చేతులు వేశాను. అప్పుడే డప్పులు వినిపించాయి. మా జాతరలో వేషాలు కట్టుకుని ఎవరినైనా వెక్కిరించవచ్చు, పడ్డవాళ్లు ఎదురు మాట్లాడకూడదు. ఒక వేషం చిందేస్తూ వచ్చింది. తెల్లచొక్కా, జేబులో పెన్ను, కళ్లజోడు, నెత్తిన బిందె. "కె. రెడ్డెమ్మా... పైలోకం మునెమ్మా..." అని నా గొంతుతోనే పిలుస్తోంది. ఒక చేతికి పుత్తూరు కట్టు ఉంది.

అందరూ అటే చూశారు. రెడ్డెమ్మ నవ్వీ నవ్వీ కూలబడింది. మా మామ నవ్వాడు, అత్త నవ్వింది, నా సొంత భార్య నవ్వింది. నేను కుండ దించాను. ఒక్కరు కూడా చూడలేదు. ఇంకా నిజం చెప్పమంటే, నా వేషంలో నాకంటే ఆయనే బాగున్నాడు.

కనుక గంగమ్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ బిందె, చెంబు, గంగాళం, ఆఖరికి గరిటె మీది పేరైనా సరే, పైకి చదవను. పెళ్లి భోజనాల్లో నీళ్లగ్లాసు చేతికిస్తే కళ్లు మూసుకునే తాగుతాను.

ఈ వైభవానికి తోడ్పడినవాళ్లందరికీ కృతజ్ఞతలు. ట్యాంకరు ఇచ్చిన ఇంజనీరుగారికి. ఆ గందరగోళంలో తన ఇంటికి చేరిన ఒక బిందెను తిరిగివ్వకుండానే కాలం చేసిన కె. రెడ్డెమ్మకు. నీళ్లిచ్చిన ఖైరున్నీసమ్మకు. తెలిసీ ఊరుకున్న మా అత్త పుష్పమ్మకు, తెలిసీ ఇప్పటికీ ఊరుకోని మా వల్లెమ్మకు. కుండ ఇచ్చిన మామకు. చివరగా మా షడ్డకుడు చెంగల్రాయులికి. ఆయన చదవడనే ధైర్యంతోనే ఇదంతా రాశాను. దయచేసి ఎవరూ చదివి వినిపించకండి. వింటే దీన్ని కూడా నాకంటే బాగా చెబుతాడు.