మొండయ్య చేతికి కట్టిన పట్టీ

ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి తూకం చూసే జియావుల్లాకు పన్నెండేళ్లుగా షుగర్. చెల్లెలు మక్సూదాకూ అదే జబ్బు. వ్యాయామం చేస్తే షుగర్ ఉన్నవాళ్ల కండరాల్లో ఏం మారుతుందో చూసే పరిశోధనలో చేరమని డాక్టర్ రుచిత అడిగితే సంతకం పెట్టాడు. తొడలోంచి సూదితో చిన్న కండరం ముక్క తీసి, అడుగులు లెక్కపెట్టే పట్టీ ఒకటి చేతికి కట్టారు. మూడు నెలలు రోజూ గంటసేపు నడవాలి.

"పుట్టుకతోని వచ్చిన జన్యువులు మారయి. గని వాటి మీద చిన్న చిన్న రసాయన గుర్తులుంటయి. ఏ జన్యువు పనిచెయ్యాలె, ఏది ఊకోవాలె అన్నది గవే చెప్తయి. నడిస్తే గా గుర్తులు మారి, కండరం చక్కెరను మంచిగ వాడుకుంటదా అని చూస్తున్నం" అని ఆమె వివరించింది.

జియావుల్లా నాలుగు రోజులు నడిచాడు. ఐదో రోజు బద్ధకించి, పత్తి మూటలు మోసే మొండయ్య చేతికి పట్టీ కట్టాడు. "జర నువ్వే తిప్పు దీన్ని." ఇక రోజూ అదే తంతు. సాయంత్రం అతను తిరిగి కట్టుకొచ్చిన పట్టీలో అడుగులు చూసి మక్సూదా మురిసిపోయేది. అన్నను చూసి తనూ పొద్దున్నే నడవసాగింది.

మూడు నెలలకు మళ్లీ కండరం ముక్క తీశారు. రుచిత అయోమయంలో పడింది. "రోజుకు పన్నెండు వేల అడుగులున్నయి. అయినా కండరంల మార్పే లేదు. కొందరికి పనిచెయ్యదేమో. గదే రాస్తం." తన పరీక్షల్లోనే ఏదైనా పొరపాటు జరిగిందేమోనని ఆమె కాగితాలు మళ్లీ తిరగేస్తుంటే జియావుల్లా తల దించుకు కూర్చున్నాడు. పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, నిజం చెప్పకుండానే ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో మక్సూదా అడిగితే, "నా ఒంటికి పనిచెయ్యలేదట" అన్నాడు.

మర్నాటినుంచి ఆమె నడక మానేసింది. "మనది ఒక్కటే రక్తం గద భాయిజాన్. నాకు మాత్రం ఏం పనిచేస్తది?"

రెండు నెలల్లో ఆమె షుగర్ మూడువందలు దాటింది. ఆ రిపోర్టు చూసిన జియావుల్లా అన్నం కంచం పక్కకు నెట్టాడు. చెల్లెలి ఎదుట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

మక్సూదా రిపోర్టు లాక్కుని అతని ముందు పరిచింది. "నువ్వు నడువకపోతే నడువకపోతివి. నన్నెందుకు ఆపినవ్?"

జియావుల్లా ఆ రోజే రుచిత దగ్గరికి వెళ్లి ఆమెకూ చెప్పాడు. ఆమె కోప్పడలేదు. అది అతనికి మరింత బాధ కలిగించింది. పరిశోధనలోంచి అతని పేరు కొట్టేసి, "మీ ఒక్కరి అబద్ధం ఎంతమందిని నడువకుండ చేసేదో తెలుసా?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు అన్నాచెల్లెళ్లు రోజూ పొద్దున్నే నడుస్తున్నారు. మక్సూదా షుగర్ మెల్లగా దిగుతోంది. అన్నతో మునుపటిలా మాట్లాడదు గానీ, అతను వెనకబడితే ఆగి చూస్తుంది. ఆ చూపు పడగానే జియావుల్లా నడక వేగం పెంచుతాడు.