నా కొడుకు సమాధికి వచ్చిన ఇసుక

నిన్న దేవరకొండ దగ్గర మా చెలకలో నా కొడుకు సమాధి కట్టడానికి ట్రాక్టర్‌తో ఇసుక దింపారు. చూడగానే నాకు అనుమానం వచ్చింది. గుప్పెడు తీసి గాజు గ్లాసులో వేసి, నీళ్లు పోసి కలిపి, గట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వాగు ఇసుకలో చెలిమ తవ్వి తెచ్చిన నీళ్లు చెంబులో తేరేదాకా ఎవరమూ తాగేవాళ్లం కాదు. నా కొడుకు చిన్నప్పుడు ఆ చెంబు ముందే కూర్చుని, "ఇంక తేరలే అమ్మా, నువ్వు సక్కగ జూడలే" అని నన్నే అనుమానించేవాడు. పెద్దయి పాలమూరులో కాలువలు కట్టించే సర్కారు ఇంజినీరయ్యాక, ఇసుకను కూడా ఇట్లాగే గ్లాసులో వేసి, అందులో మన్ను ఎంతుందో చూసేవాడు. ఆదివారమైతే ఇంటి దగ్గర పిల్లలతో ఆ గ్లాసు ఊపించి ఆడించేవాడు. పోయిన ఎండాకాలం గుండె ఆగి పోయాడు.

గ్లాసులో ఇసుక పైన వేలెడు మందాన మన్ను పేరుకుంది.

"సమాధికి గూడ పరీక్షనా అవ్వా?" అని మేస్త్రీ నవ్వాడు.

"ఇంజినీరుకు కడ్తున్నవ్ బిడ్డా. వాపస్ పంపు" అన్నాను.

ఈ రోజు పొద్దున వేరే ఇసుక వచ్చింది. మళ్లీ గ్లాసు పెట్టాను. ఎంతసేపు చూసినా మన్ను కనబడలేదు.

"మంచిగనే ఉన్నది గద అత్తమ్మా, ఇగ మొదలువెట్టమను" అంది పక్కనే కూర్చున్న నా కోడలు.

గ్లాసు ఇంకోసారి ఊపాను. ఇసుక మంచిదే. కట్టొద్దనడానికి నా దగ్గర ఇక ఏ వంకా లేదు.